చుక్కతో మొదలయ్యే ఫోల్డర్

అధ్యక్ష కుర్చీలో ఉన్న పెద్ద మేడమ్ గారికి, ఆవిడ కుడిపక్కన కూర్చుని నేను మైకు పట్టుకోగానే గడియారం చూసుకున్న కమిటీ పెద్దలకి, మా టీచర్లకి, ఆఫీసు వాళ్ళకి, వెనక వరసల్లో చేరి నేను ఎక్కడ తడబడతానా అని ఎదురుచూస్తున్న మా క్లాసు వాళ్ళకి, మూడో వరసలో మా అమ్మకి, అందరికీ నమస్కారం. ఇవాళ రిటైరవుతున్న మనిషికి మాత్రం విడిగా నమస్కారం. అందరితో కలిపి చెప్పేస్తే, "నన్ను గుంపులో తోసేశావేం?" అని రేపు పొద్దున్నే అడుగుతుంది. అడగడానికి రేపటి నుంచి ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. అందుకే ఈ హాల్లో అందరికన్నా ఎక్కువ దిగులుగా ఉన్నది నేను.

(నవ్వులు)

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ కాగితం మీద ఉన్నది తెలుగే కానీ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాను. నేను చదువుకున్నదంతా ఇంగ్లీషు మీడియం, తెలుగు నోటికి వచ్చినంత చేతికి రాదు. కాబట్టి మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే, అది బాధతో ఆగడం అనుకోండి, స్పెల్లింగ్ దగ్గర ఆగానని అనుకోకండి. మామూలుగా నేను క్లాసులో హాజరు పలికితేనే రెండుసార్లు పిలవాల్సి వస్తుందని మా టీచర్లందరికీ తెలుసు.

(మూడో వరసలోంచి అమ్మ: "గట్టిగా!")

గట్టిగానే అమ్మా. నాకున్నది ఇంతే గొంతు.

ఇప్పుడు మొదటి చిక్కు. ఆవిడని మేడమ్ అనాలా, పెద్దమ్మ అనాలా? మీలో చాలామందికి ఆవిడ సర్వరమ్మ. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు, పెట్టినవాళ్ళు బడి వదిలిపోయి ఉంటారు, పేరు మాత్రం ఉండిపోయింది. నాకు ఆవిడ మా అమ్మ అక్క. మా ఇంటి మేడ మీద ఉంటుంది, భోజనానికి కిందికి దిగుతుంది. ఆరో తరగతిలో నేను మొదటిసారి ఆవిడ కంప్యూటర్ ల్యాబ్‌కి వచ్చి "పెద్దమ్మా!" అని పిలిస్తే, ఆవిడ నా వంక కూడా చూడకుండా గోడ వైపు తిరిగి, "ఈ గదిలో ఎవరికీ ఎవరూ పెద్దమ్మ కాదు" అంది. నేను భయపడి దాన్ని ఎంత బాగా గుర్తుపెట్టుకున్నానంటే, ఆ సాయంత్రం ఇంట్లో మేడమెట్ల కింద నిలబడి "మేడమ్, భోజనానికి రండి" అన్నాను. వెక్కిరించాననుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వెక్కిరించలేదు పెద్దమ్మా. ఇవాళ వెక్కిరిస్తాను, తేడా నీకే తెలుస్తుంది.

(నవ్వులు)

మా అమ్మని నేను ముందే అడిగాను, ఏం మాట్లాడను అని. "మంచి మాటలు నాలుగు చెప్పి దిగిపో" అంది. నేను దిగిపోలేను. ఎందుకంటే నేను ఈ బడి రిజిస్టర్‌లో ఒక అబద్ధానికి సంతకం పెట్టాను. దాంట్లో సగం పెద్దమ్మకి తెలుసు. మిగతా సగం ఆవిడకి కూడా తెలీదు. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఆవిడ సర్వర్ గది తాళాలు కొత్త సార్‌కి ఇచ్చేసి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత చెప్పినా అది వేరే మాట అవుతుంది. అందుకని ఐదు లోపల చెప్పాలి. కమిటీ పెద్దలు గడియారం చూసుకుంటూ ఉంటే నాకూ మంచిదే.

సర్వర్ గది చాలామంది చూసి ఉండరు. కెమిస్ట్రీ స్టోరు పక్కన, మెట్ల కింద, అద్దం తలుపుది. లోపల ఒక్కటే కుర్చీ, మేకుకి ఒక స్వెట్టరు. బడికంతా ఎండాకాలం ఉన్నా ఆ గదిలో మాత్రం చలికాలం. ఇంట్లో నేను ఫ్యాను కాస్త ఎక్కువ పెడితే "గాలికి ఎగిరిపోతావా?" అని తగ్గించే మనిషి, సర్వర్‌కి మాత్రం పగలూ రాత్రీ ఏసీ పెట్టి, సెలవు రోజు కూడా ఒకసారి వెళ్ళి "ఒళ్ళు వేడిగా లేదు కదా" అన్నట్టు దాని మీద చెయ్యి పెట్టి చూసి వస్తుంది. సొంత చెల్లెలి కూతురిగా నాకు ఆ భాగ్యం జ్వరం వస్తే తప్ప దొరకలేదు.

(నవ్వులు)

ఆ సర్వర్‌లో, అంటే బడి కంప్యూటర్లన్నీ తగిలి ఉన్న ఆ పెద్ద పెట్టెలో, మనందరికీ తలా ఒక ఇల్లు ఉంది. హోమ్ ఫోల్డర్ అంటారు కానీ పెద్దమ్మ ఎప్పుడూ ఇల్లు అనే అంటుంది. మనం ఏ కంప్యూటర్ దగ్గర కూర్చుని పేరు కొట్టినా మన ఇల్లే తెరుచుకుంటుంది. మన ప్రాజెక్టులు, మన బొమ్మలు, మన అక్షరాల సైజు, అన్నీ అందులోవే. పిల్లలూ టీచర్లూ కలిసి ఆరు వందల నలభై ఇళ్ళు. అన్నిటికీ తాళాలు ఆవిడ దగ్గరే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరి ఇల్లు కూడా అడక్కుండా తెరవలేదని పెద్ద మేడమ్ ఇందాక చెప్పారు. మా ఇంట్లో నా గది తలుపు మాత్రం ఎప్పుడూ తట్టదు. అది వేరే సంగతి.

(వేదిక మీద నుంచి పెద్దమ్మ: "తడతానే!")

తలుపు తీసేశాక తడతారు మేడమ్.

(నవ్వులు)

పోయిన నెల పాత డిస్కు టక్ టక్ అనడం మొదలెట్టింది. ఎవరికీ వినపడలేదు, ఆవిడకి వినపడింది. డాక్టర్ గుండె చూసినట్టు పెట్టెకి చెవి ఆనించి, "దీని పని అయిపోవచ్చింది, నా పనీ అయిపోవచ్చింది, నాకన్నా ముందు దీన్ని పంపించాలి" అంది. కొత్త డిస్కు తెప్పించారు. రిటైరయ్యేలోపు అందరి ఇళ్ళూ పాత డిస్కు నుంచి కొత్త దాంట్లోకి మార్చేయడం, అదే ఆవిడ ఆఖరి పని. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళింది. మొత్తం ఒకేసారి ఎత్తితే పాత డిస్కు మధ్యలో ప్రాణం వదిలేస్తుందేమోనని, తరగతి తరగతిగా, ఇల్లు ఇల్లుగా మోసింది. సాయంత్రం వచ్చి సోఫాలో కూలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "ఆరు వందల నలభై ఇళ్ళు. ఒక్క గుండుసూది పోలేదు" అంది. మా అమ్మ "అక్కా, ముందు నీళ్ళు తాగు" అంటే, "ఒక్క గుండుసూది!" అని మళ్ళీ అంది. ఆవిడ అంత సంతోషంగా ఉండడం నేను చూడలేదు. అది చూసే నాకు తర్వాత ఇబ్బంది వచ్చింది.

ఆవిడ పద్ధతి మీకు తెలిసిందే. ఇళ్ళు మార్చాక ఎవరి ఇల్లు వాళ్ళు తెరిచి చూసుకోవాలి, చూసుకుని ఆ పొడుగాటి రిజిస్టర్‌లో తమ పేరు పక్కన "నా ఇల్లు చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి" అని ఉన్న గడిలో సంతకం పెట్టాలి. అందరి సంతకాలూ పడేదాకా పాత డిస్కు చెరపదు. పడ్డాక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి చెరిపేస్తుంది. రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసింది: శుక్రవారం, నాలుగు గంటలు. అంతకు ముందు కాదు, తర్వాత కాదు.

సోమవారం నుంచి ల్యాబ్ ముందు క్యూ కట్టాం. క్యూలోనే గొడవలు మొదలయ్యాయి, గుర్తుందా? సంగీతం టీచర్ గారు "నా అక్షరాలు చిన్నవైపోయాయి, చీమలు పాకుతున్నట్టుంది" అన్నారు. పీటీ సార్ "నా బాణం గుర్తు పెద్దగా ఉండేది, ఇప్పుడు సన్నబడింది, ఎక్కడుందో వెతుక్కోవడానికే పీరియడ్ అయిపోతోంది" అన్నారు. లైబ్రరీ సార్ తెర మీద వాళ్ళ పిల్లి బొమ్మ ఉండేది, అది పోయి కొండల బొమ్మ వచ్చింది, ఆయన పిల్లిని నిజంగానే పోగొట్టుకున్నట్టు కూర్చున్నారు. పెద్దమ్మ అందరికీ ఒకటే జవాబు. "కొత్త ఇంటికి వచ్చి పాత గోడల రంగు వెతుక్కుంటారేంటండీ? సామాను ఉందా లేదా? ఉంది కదా. పెట్టండి సంతకం." పెట్టేశారు. పీటీ సార్ అయితే ఇల్లు తెరవకుండానే పెట్టేశారు. నేను చూశాను సార్.

(నవ్వులు. పీటీ సార్: "తొందరలో ఉన్నానమ్మాయ్!")

అవును సార్, మీరు నా వెనకే ఉన్నారు. "తొందరగా కానియ్యమ్మాయ్, గ్రౌండులో పిల్లలున్నారు" అన్నారు. నేను నా ఇల్లు తెరిచాను. ప్రాజెక్టులు ఉన్నాయి. బొమ్మలు ఉన్నాయి. ఒక ఫోల్డర్ లేదు.

అది ఏ ఫోల్డరో చెప్పాలంటే ఏడో తరగతికి వెళ్ళాలి. పెద్దమ్మే మాకు పాఠం చెప్పింది. ఫోల్డర్ పేరు ముందు ఒక చుక్క పెడితే అది మామూలుగా తెరిస్తే కనపడదు, దాచినవి కూడా చూపించు అని అడిగితేనే కనపడుతుంది. "అది తాళం కాదు, కర్టెన్. కర్టెన్ వెనక దాక్కుని ఎవరికీ కనపడట్లేదనుకోకండి" అంది. అక్షరాల సైజు, బాణం గుర్తు, పిల్లి బొమ్మ, ఇలాంటి మన అలవాట్లన్నీ సర్వర్ కూడా చుక్క పేర్లలోనే దాచుకుంటుందట. ఇంకోటి కూడా చెప్పింది. ఒక ఇంట్లో ఉన్నవన్నీ ఎత్తాలంటే స్టార్ గుర్తు పెడితే చాలు, కానీ ఆ స్టార్‌కి చుక్క పేర్లు కనపడవు, అవి వదిలేసి వస్తుంది, వాటిని విడిగా అడిగి తీసుకురావాలి. ఈ మాట పదిసార్లు రాయించింది. నా నోట్సులో ఇంకా ఉంది, పదోసారి రాసింది అడ్డదిడ్డంగా ఉంది కానీ ఉంది.

నేను ఆ రోజే నా ఇంట్లో చుక్కతో ఒక ఫోల్డర్ చేసుకున్నాను. మూడేళ్ళుగా రోజూ అందులో కొంచెం కొంచెం రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. పక్కన కూర్చునే నా స్నేహితురాలికి కూడా తెలీదు. ఇప్పుడు తెలిసింది, ఎలా చూస్తోందో చూడండి.

(నవ్వులు)

కాబట్టి సోమవారం క్యూలో, నా వెనక పీటీ సార్, నా ముందు పెన్ను మూత తీసి పట్టుకుని పెద్దమ్మ. నా ఫోల్డర్ ఒక్కటే పోలేదని నాకు అప్పుడే అర్థమైంది. చీమల్లాంటి అక్షరాలూ, సన్నబడ్డ బాణమూ, పిల్లీ, అన్నీ అదే. ఇల్లు ఇల్లుగా మోసేటప్పుడు ఆవిడ స్టార్ ఒక్కటే పెట్టింది. ఆరు వందల నలభై ఇళ్ళలో చుక్క పేర్లన్నీ పాత డిస్కు మీదే ఉండిపోయాయి. మాకు పదిసార్లు రాయించిన మనిషే.

"ఏమ్మా, అన్నీ ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి మేడమ్" అన్నాను. సంతకం పెట్టాను. చక్కగా, గొలుసు రాతలో.

ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను. ఒకటి లేదు అంటే ఏది లేదు అంటుంది. చుక్కది అంటే అందులో ఏముంది అంటుంది. అదొక భయం. రెండో భయం ఆ గుండుసూది. అందరి ముందూ, ఆఖరి వారంలో, ఆవిడకి నేనెలా చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. రేపు అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో.

నాలుగు రోజులు ఎదురెదురుగా కూర్చుని భోంచేశాం. ఆవిడ రోజూ లెక్క చెప్పేది: ఇవాళ రెండు వందల సంతకాలు, ఇవాళ నాలుగు వందల యాభై. బుధవారం అయితే చెయ్యి కడుక్కుంటూ కూనిరాగం తీసింది. మా అమ్మ కంగారుపడి "అక్కా, ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఆవిడ పాట మేం ఎప్పుడూ వినలేదు మరి. విన్నాక ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదో తెలిసింది.

(నవ్వులు. పెద్దమ్మ: "దిగు, ఇంటికి రా, చెబుతా.")

నేను మాత్రం అన్నం కలపడమే కానీ తినడం లేదు. మా అమ్మ "పరీక్షలా?" అంది. "ఊ" అన్నాను. "ఏ సబ్జెక్టు?" అంటే "అన్నీ" అన్నాను. గురువారానికి సంతకాలన్నీ పడిపోయాయి. నాది కూడా అందులో ఉంది కదా, కాబట్టి నన్ను ఇక ఎవరూ అడగరు. శుక్రవారం నాలుగింటికి పాత డిస్కు చెరిగిపోతుంది. నా మూడేళ్ళు పోతాయి, మీ అందరివీ పోతాయి, ఎవరికీ ఎప్పటికీ తెలీదు. లైబ్రరీ సార్ కొండలు చూసుకుంటూ బతికేస్తారు.

శుక్రవారం మూడున్నరకి నేను క్లాసులోంచి కడుపునొప్పి అని చెప్పి బయటికి వచ్చాను. సైన్స్ మేడమ్, క్షమించండి.

అద్దం తలుపు తోసి లోపలికి వెళ్ళాను. పెద్దమ్మ స్వెట్టరు వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. తెర మీద చెరిపేసే ఆదేశం టైపు చేసి పెట్టేసింది. ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. కానీ నాలుగు అని రాసింది కదా, నాలుగు కాలేదు కదా, అందుకని చేతులు కట్టుకుని గడియారం వంక చూస్తోంది. ఇంకెవరైనా అయితే ఎప్పుడో నొక్కేసి టీ తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఆవిడ టైము పిచ్చిని మనం అందరం ఎంత వెక్కిరించామో, ఆ రోజు అదే మన ఇళ్ళని కాపాడింది. సాయంత్రం ఐదింటికి అంటే నాలుగు యాభై తొమ్మిదికి ల్యాబ్ లైటు ఆర్పని మనిషి.

"ఏం కావాలి?" అంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"చెప్పు, నోట్లో ఏముంది?" అంది.

బల్ల మీద రిజిస్టర్ ఉంది. తెరిచాను. నా పేరు వెతికాను. పెన్ను తీసుకుని నా సంతకం కొట్టేశాను.

ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది. "ఏం చేస్తున్నావే! రిజిస్టర్‌లో కొట్టివేతలా!" అంది. అంటే, ఎందుకు కొట్టేశానన్నది తర్వాత, ముందు ఇరవై ఎనిమిదేళ్ళ రిజిస్టర్లలో లేని కొట్టివేత ఇప్పుడు వచ్చిందే అన్నది ఆవిడ బాధ.

(నవ్వులు)

"అన్నీ లేవు పెద్దమ్మా" అన్నాను. బడిలో ఆ పిలుపు ఆరో తరగతి తర్వాత అదే. ఆవిడ సరిదిద్దలేదు.

"ఏది లేదు?"

"చుక్కది."

ఆవిడ కూర్చుని, తెర మీద పైకి, పైకి, ఆదివారం తను కొట్టిన ఆదేశాల దాకా వెళ్ళింది. అక్కడ స్టార్ ఉంది. ఒక్కటే ఉంది. కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఇంకా అక్కడే ఉంది.

(విరామం)

నన్ను క్షమించండి. ఒక్క నిమిషం. స్పెల్లింగ్ దగ్గర ఆగాను.

(చప్పట్లు)

"ఎప్పటి నుంచి తెలుసు?" అంది. సోమవారం నుంచి అన్నాను. "ఇవాళ ఏం వారం?" శుక్రవారం. "నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతున్నది ఇదా?" అంది. అవునన్నాను. ఇప్పుడు కొడుతుంది అనుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు, అయినా అనుకున్నాను. ఆవిడ తెర వైపు తిరిగి, ఆ చెరిపేసే ఆదేశాన్ని ఒక్కొక్క అక్షరమే వెనక్కి తుడిచేసింది. చివరి అక్షరం తుడిచేసరికి నాలుగయ్యింది.

తర్వాత మళ్ళీ ఆరు వందల నలభై ఇళ్ళు, ఈసారి చుక్క పేర్ల కోసం. పాత డిస్కు టక్ టక్ అంటూనే ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి వేసి, చంటిపిల్లని జోకొట్టినట్టు, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ కూర్చుంది. అది ఒప్పుకుంది. అన్నీ వచ్చాయి. పీటీ సార్ బాణం లావెక్కింది, పిల్లి తిరిగొచ్చింది. ఆవిడ ఎర్ర ఇంకు పెన్ను తీసి రిజిస్టర్ చివరి పేజీలో రాసింది. నాకు ఆ మాటలు నోటికి వచ్చేశాయి. "చుక్క పేర్లు వదిలేశాను. తప్పు నాది. ఒకరు చెప్పడం వల్ల తెలిసింది." పక్క రోజు ప్రార్థన సమయంలో ఆవిడే మైకు తీసుకుని అందరికీ చెప్పడం మీరు విన్నారు. సంగీతం టీచర్ గారు "నేను చెప్పానా!" అనడం కూడా అందరం విన్నాం. ఆ ఒకరు ఎవరో ఆవిడ చెప్పలేదు, పెద్ద మేడమ్ అడిగినా చెప్పలేదు.

ఆ ఒకరు నేను. చెప్పిన ఒకరూ నేనే, నాలుగు రోజులు చెప్పని ఒకరూ నేనే. మొదటిది చెప్పి రెండోది దాచుకుంటే బాగుండదని రెండూ చెబుతున్నాను. పెద్ద మేడమ్, కమిటీ పెద్దలు ఏం శిక్ష వేసినా ఒప్పుకుంటాను. అబద్ధపు సంతకానికి శిక్ష ఏంటో నాకు తెలీదు. రిజిస్టర్‌లో దానికి గడి లేదు.

(పెద్ద మేడమ్: "ముందు ప్రసంగం పూర్తి చెయ్యమ్మా.")

సరే మేడమ్.

మిగతా సగం. ఆ సాయంత్రం పెద్దమ్మ నా చేత మళ్ళీ సంతకం పెట్టించింది. "ఈసారి తెరిచి చూసి పెట్టు" అని, తన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. అన్ని తాళాలూ ఉన్న మనిషి, ఏ క్షణమైనా చూడగలిగిన మనిషి, నేను నా ఫోల్డర్ చూసుకునేంతసేపూ గోడ వంక చూసింది. "అందులో ఏముంది?" అని గోడనే అడిగింది. "ఏం లేదు" అన్నాను. "ఏమీ లేనిది మూడేళ్ళ నుంచి లావవుతోందా?" అంది. సైజు చూస్తుంది కానీ లోపల చూడదు.

లోపల ఉన్నది మీరు మేడమ్. మీ తిట్లు.

(నవ్వులు)

మూడేళ్ళ తిట్లు, తారీఖులతో సహా. చాలా తిట్ల కింద నేను అప్పుడు చెప్పాలనుకుని చెప్పలేకపోయిన జవాబు. మొదట ఇంగ్లీషులో రాశాను, కానీ ఇంగ్లీషులో రాస్తే మీ గొంతు పోతోంది, ఎవరో మర్యాదస్తురాలు తిట్టినట్టుంది. అందుకని అవే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఇదిగో, ప్రింటు తీసుకొచ్చాను. కొన్నే చదువుతాను, ఐదవుతోంది.

ఏడో తరగతి, మొదటి వారం. మీరన్నది: "పాస్‌వర్డ్ మర్చిపోయావా? తల మెడకి అతుక్కుని ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాన్నీ ఎక్కడో పెట్టి మర్చిపోయేదానివి." నా జవాబు: మేడమ్, పావుగంట నుంచి క్లాసంతా వెతుకుతున్న మీ కళ్ళజోడు మీ నెత్తి మీదే ఉంది.

(నవ్వులు)

అదే ఏడాది. మీరన్నది: "ఫైలు పేరు ఫైనల్ అట. పక్కనే ఫైనల్ రెండు అట. నీకు ఆఖరు అంటే ఏంటో తెలుసా?" నా జవాబు: తెలుసు మేడమ్. మీరు రోజూ నాలుగుసార్లు తాగే ఆఖరి కప్పు టీ.

(నవ్వులు. పెద్దమ్మ: "ఇదెప్పుడన్నాను?")

తారీఖు ఉంది మేడమ్. మంగళవారం.

ఎనిమిదో తరగతి. ఇది ఇంట్లోది. మీరన్నది: "ఎప్పుడు చూసినా తలుపు వేసుకుని కూర్చుంటుంది, లోపల ఏం రాజ్యం ఏలుతోందో." నా జవాబు: ఒక్కదాన్నే ఉన్న రాజ్యం, ఏలడానికి ఎవరూ లేరు, మీరు రండి.

తొమ్మిదో తరగతి. మీరన్నది: "గట్టిగా మాట్లాడు, నోట్లో ఏముంది?" ఇది ఒక్కసారి కాదు, పదిహేడుసార్లు ఉంది. మొదటి పదహారుసార్లు జవాబు రాయలేదు. పదిహేడోసారి రాశాను: భయం ఉంది.

(విరామం)

చివరిది పోయిన శుక్రవారానిది. ఇది తిట్టు కాదు, అయినా రాశాను. నేను ఫోల్డర్ చూసుకుంటున్నాను, మీరు గోడ వైపు తిరిగి ఉన్నారు. మీరన్నది: "నిజం చెప్పు. నాకు భయపడి చెప్పలేదా, నా పరువు పోతుందని భయపడి చెప్పలేదా?" అప్పుడు నేను "బయట ప్రింటర్ దగ్గర ఎవరో పిలుస్తున్నారు" అని చెప్పి పారిపోయాను. ప్రింటర్ దగ్గర ఎవరూ లేరు. దీని కింద జవాబు ఖాళీగా ఉంది. ఐదు రోజులు ఖాళీగా ఉంచాను. ఇప్పుడు చెబుతాను. ఇక మేడమ్ అనను, మీరు అనను, గది ఏదైనా సరే.

రెండూ కాదు పెద్దమ్మా. నీకు భయపడలేదు. నీ పరువు కోసం కొంచెం భయపడ్డాను, కానీ అదీ కాదు. నేను నా కోసం భయపడ్డాను. ఈ బడిలో నాదేం పోయినా, ఎవరేమన్నా, మెట్ల కింద ఒక గది ఉంది, అక్కడికి వెళితే పోయింది దొరుకుతుంది అనుకుని నేను రోజూ గేటు దాటి లోపలికి వచ్చేదాన్ని. నువ్వు తిడతావు, తిట్టి వెతికిపెడతావు. నువ్వు కూడా పోగొట్టగలవని సోమవారం తెలిసేసరికి, ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తోచలేదు. నాలుగు రోజులు నా గొంతులో ఉన్నది అదే.

అది ఎప్పుడు తగ్గిందో తెలుసా? ఇళ్ళన్నీ వచ్చేసినప్పుడు కాదు. నువ్వు ఎర్ర ఇంకుతో "తప్పు నాది" అని రాసి, కింద సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి, స్వెట్టరు తీసి మేకుకి తగిలించి, "పద, ఇంటికి పోదాం, మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నావు చూడు, అప్పుడు. దారంతా నా పక్కనే నడిచావు, మలుపు దగ్గర ఆగి వంకాయలు బేరం కూడా చేశావు. తప్పు చేసినవాళ్ళు, ఒప్పుకున్నవాళ్ళు, అంత మామూలుగా ఇంటికి వెళ్ళిపోవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. ఎక్కడో ఆపేస్తారనుకునేదాన్ని. అందుకే ఎప్పుడూ నోరు తెరవలేదు, తెరిస్తే ఎక్కడ తప్పు దొర్లుతుందో, దొర్లితే ఏమైపోతానో అని.

ఇవాళ ఎన్ని తప్పులు మాట్లాడానో నాకు తెలీదు. లెక్కపెట్టలేదు. ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి, నువ్వు తాళాలు ఇచ్చి రా, మెట్ల దగ్గర నిలబడతాను, కలిసి వెళదాం. దారిలో తిట్టు. ఇక నుంచి అప్పటికప్పుడే జవాబు చెబుతాను.

ఓపికగా విన్న పెద్ద మేడమ్ గారికి, కమిటీ పెద్దలకి, కడుపునొప్పి నమ్మిన సైన్స్ మేడమ్ గారికి, ఇల్లు తెరవకుండా సంతకం పెట్టిన పీటీ సార్‌కి, మూడో వరసలో కళ్ళు తుడుచుకుంటూ "గట్టిగా" అనడం మర్చిపోయిన మా అమ్మకి, మీ అందరికీ నా కృతజ్ఞతలు. మా పెద్దమ్మ తరఫున ఈ బడికి, నా తరఫున ఈ మైకుకి, సెలవు.

(చప్పట్లు)